సాగు ఒకరిది, పట్టా ఒకరిది: గోదావరి డెల్టాలో భూసంస్కరణలు, కూలీల వలస

అధ్యక్షులకు, ఈ సభ ఏర్పాటు చేసిన కౌలు రైతు మిత్రులకు, వ్యవసాయ కార్మిక సోదర సోదరీమణులకు, అధ్యాపకులకు, విద్యార్థులకు నమస్కారం.

భూసంస్కరణలకూ పల్లెల నుంచి సాగే కూలీల వలసకూ ఉన్న సంబంధం గురించి మాట్లాడమని నన్ను అడిగారు. ఈ సంబంధాన్ని చాలామంది ఒక్క మాటలో తేల్చేస్తారు. భూమి పంచితే వలస ఆగేదని, పంచలేదు కాబట్టి జనం ఊళ్లు విడిచిపోతున్నారని అంటారు. ఆ మాటలో నిజం లేకపోలేదు. కానీ మన డెల్టా సంగతి అంత తేలికగా తేలేది కాదు. ఇక్కడ నీరుంది, పంట ఉంది, ఏడాదికి రెండు కార్లు, అంటే రెండు పంటలు, వరి పండుతుంది, అయినా జనం వెళ్తూనే ఉన్నారు. వాళ్లు విడిచిన చోటికి ఇంకో ప్రాంతం వాళ్లు వస్తూనే ఉన్నారు. కరువు నేల నుంచి వలస ఎందుకు పుడుతుందో వివరించడం కష్టం కాదు. పచ్చగా పండే నేల నుంచి వలస ఎందుకు పుడుతున్నదో వివరించాలంటే ఆ నేల మీద హక్కు ఎవరి పేరున ఉందో, సాగు ఎవరి చేతిలో ఉందో, ఆ రెంటి మధ్య దూరం ఎలా ఏర్పడిందో చూడాలి. ఈ రోజు నా ప్రసంగమంతా ఆ దూరం గురించే.

కోనసీమలోనో, భీమవరం చుట్టుపక్కలో ఒక ఎకరం సార్వా, అంటే తొలకరి వరి, పొలాన్ని ఊహించుకోండి. దాని పట్టాదారు పాసుపుస్తకం హైదరాబాదులోనో, విశాఖపట్నంలోనో, ఒక్కోసారి అమెరికాలోనో స్థిరపడిన కుటుంబం పేరున ఉంటుంది. ఆ పొలాన్ని దమ్ము చేయించి, నారు పోసి, ఎరువు చల్లి, మురుగు తీసి, పంట ఇంటికి చేర్చేవాడు కౌలుదారు. అతని పేరు ఏ కాగితంలోనూ కనిపించదు. ఊడ్పులకు దిగిన ముఠా శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చి ఉండవచ్చు, ఈ మధ్య అయితే పశ్చిమ బెంగాల్ నుంచి కూడా వచ్చి ఉండవచ్చు. ఒకప్పుడు ఆ పొలంలో ఊడ్చిన ఆ ఊరి పేటలోని ఆడమనిషి ఇప్పుడు కువైట్‌లో ఒక ఇంట్లో వంట చేస్తూ ఉండవచ్చు. ఒకే ఎకరం చుట్టూ యజమాని వలస, కౌలుదారు కుటుంబం వలస, ఊరి కూలీ వలస, పరాయి కూలీ రాక, ఇన్ని కదలికలు ఉన్నాయి. ఇవి వేరు వేరు కథలని నేను అనుకోను. మనం చేసిన భూచట్టాలు, చేసి అమలు చేయని భూచట్టాలు వీటిని ఒకదానితో ఒకటి ముడివేశాయి.

కొంచెం వెనక్కి వెళ్దాం. ధవళేశ్వరం ఆనకట్టకు ముందు ఈ జిల్లా జనం పోగొట్టుకున్న జిల్లా. 1832, 1833 సంవత్సరాల కరువూ, తుఫానులూ, వరదలూ, వాటికి తోడు జమీందారీ వసూళ్లూ కలిసి పల్లెలను ఖాళీ చేశాయి. 1821లో ఏడు లక్షలకు పైబడి ఉన్న రాజమండ్రి జిల్లా జనాభా 1841 నాటికి అయిదున్నర లక్షల పైచిలుకుకు పడిపోయింది. ఈ దుస్థితిని విచారించి హెన్రీ మాంట్‌గోమరీ 1844లో నివేదిక ఇచ్చాడు. 1847లో ఆర్థర్ కాటన్ పర్యవేక్షణలో ఆనకట్ట పని మొదలై 1852లో పూర్తయింది. కాలువలు తవ్విన కొద్దీ జనం తిరిగి రావడమే కాక, ఉత్తరాన విశాఖపట్నం జిల్లా నుంచి కూలీలు ఊడ్పులకూ కోతలకూ ఇక్కడికి రావడం మొదలైంది. నీరు వలసను తిప్పికొట్టిందని మన పాఠ్యపుస్తకాలు చెప్పేది ఇంతవరకే.

చెప్పనిది ఇంకొకటుంది. ఆనకట్ట కట్టి అయిదారు దశాబ్దాలు గడిచి, డెల్టా మాగాణి ధరలు పెరిగిపోయిన రోజుల్లోనే కాకినాడ రేవు నుంచి వేలాది మంది తెలుగు కూలీలు ఓడలెక్కి బర్మాకు వెళ్లారు. రంగూన్ రేవులో బస్తాలు మోసినవాళ్లూ, వరి మిల్లుల్లో పనిచేసినవాళ్లూ, రిక్షాలు లాగినవాళ్లూ ఎక్కువగా ఈ తీరం వాళ్లే. ఈ తీరంలోని పాత రేవు కోరంగి పేరు మీద అక్కడ వాళ్లను కోరంగీలనే పిలిచారు. 1930లో రంగూన్ రేవులో తెలుగు కూలీల సమ్మె దరిమిలా జరిగిన అల్లర్లలో మనవాళ్లు చాలామంది ప్రాణాలు పోగొట్టుకున్నారు. 1942లో జపాన్ సేనలు వచ్చినప్పుడు బతికినవాళ్లు అడవులూ కొండలూ దాటి కాలినడకన తిరిగి వచ్చారు. పంట పండే చోట నుంచి బియ్యం మోయడానికి ఇంకో దేశం వెళ్లవలసి రావడం ఏమిటి? కాలువ నీరు భూమి విలువను పెంచింది. ఆ పెరిగిన విలువ భూమి ఉన్నవాడికే చేరింది. కూలీకి ఏడాదిలో ఊడ్పుల కాలంలో కొన్నాళ్లు, కోతల కాలంలో కొన్నాళ్లు పని దొరికేది, మిగతా నెలలు కూలీలను కుదిర్చే మేస్త్రీ ఇచ్చే అడ్వాన్సే దిక్కు. సముద్రం దాటించింది ఆ అడ్వాన్సు.

ఇక చట్టాల సంగతి. 1948లో మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చింది. టంగుటూరి ప్రకాశం అధ్యక్షతన 1937లో ఏర్పడిన విచారణ సంఘం కృషికీ, అంతకుముందు నుంచీ సాగిన జమీన్ రైతు ఉద్యమానికీ అది ఫలితం. దాని విలువను నేను తగ్గించి చెప్పను. పిఠాపురం వంటి సంస్థానాల కింద ఉన్న రైతుకు అది నిజమైన విముక్తి. అయితే ఆ చట్టం పట్టా ఇచ్చింది ఎవరికి? అప్పటికే రైతుగా నమోదైనవాడికి. ఆ రైతు దగ్గర కౌలుకు చేసేవాడికీ, ఆ కౌలుదారు దగ్గర పాలేరుగా ఉన్నవాడికీ దానితో నిమిత్తం లేదు. పైగా డెల్టాలో చాలా భాగం అప్పటికే రైత్వారీ కింద, అంటే రైతే నేరుగా ప్రభుత్వానికి శిస్తు కట్టే పద్ధతిలో, ఉంది. అంటే ఇక్కడ సమస్య జమీందారుతో కన్నా రైతుకూ కౌలుదారుకూ, రైతుకూ కూలీకీ మధ్య ఉన్నది. ఆ సమస్యను తాకవలసినవి కౌలు చట్టం, భూపరిమితి చట్టం.

కౌలు చట్టం 1956లో వచ్చింది. ఆంధ్ర ప్రాంతానికి వర్తించే ఆ చట్టం కౌలు ఒప్పందం రాతపూర్వకంగా ఉండాలన్నది, కనీసం ఆరేళ్ల కాలం ఉండాలన్నది, కౌలు మొత్తానికి హద్దు పెట్టింది. 1974 సవరణతో కౌలుదారు రక్షణ మరింత బలపడింది, ప్రభుత్వ కాలువ కింద పండే భూమికి కౌలు మొత్తం దిగుబడిలో 30 శాతానికి మించకూడదన్నారు. కాగితం మీద చూస్తే ఇంతకన్నా ఏం కావాలి అనిపిస్తుంది. కానీ ఆ రక్షణకు జడిసిన యజమాని రాత మానేశాడు. నోటిమాట కౌలు వచ్చింది. ఒకే మనిషికి వరసగా రెండు మూడేళ్లు ఇస్తే హక్కు అడుగుతాడని ఏటేటా కౌలుదారును మార్చడం వచ్చింది, లేదా మార్చకుండానే ప్రతి ఏడూ కొత్తగా ఇచ్చినట్టు మాట తీసుకోవడం వచ్చింది. ఊరి సాగు లెక్కల పుస్తకమైన అడంగల్‌లో అనుభవదారు గడిలో కూడా యజమాని పేరే రాయించడం వచ్చింది. కౌలుదారును కాపాడడానికి చేసిన చట్టం, అమలు చేసే యంత్రాంగం లేకపోవడంతో, కౌలుదారు కనిపించకుండా పోవడానికి కారణమైంది. దీన్ని చట్టం తప్పుగా చూపించి చట్టాన్నే ఎత్తివేయాలనే వాదన ఒకటి ఈ మధ్య గట్టిగా వినిపిస్తున్నది. అది నాకు సమ్మతం కాదు. హక్కు ఇచ్చి, ఆ హక్కును నమోదు చేసే పనిని హక్కు ఇవ్వడం ఇష్టం లేనివాడి చేతికే వదిలేశారు. లోపం అక్కడుంది.

భూపరిమితి చట్టాల గురించి క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే డెల్టాలో వాటి వల్ల చేతులు మారిన భూమి కొద్దిగానే. 1961 చట్టం పరిమితిని 27 ఎకరాల నుంచి 324 ఎకరాల దాకా పెట్టింది. ఆ సంఖ్యలే దాని ఉద్దేశాన్ని చెబుతాయి. పి.వి. నరసింహారావు ముఖ్యమంత్రిగా ఉన్న కాలంలో రూపుదిద్దుకున్న 1973 చట్టం గట్టిది. అయిదుగురు సభ్యుల కుటుంబానికి మాగాణి అయితే రకాన్ని బట్టి 10 నుంచి 27 ఎకరాలు, మెట్ట అయితే 35 నుంచి 54 ఎకరాలు అన్నది. ప్రత్యేక ఆంధ్ర రాష్ట్రం కోరిన 1972, 1973 నాటి జై ఆంధ్ర ఉద్యమానికి, స్థానికులకే ఉద్యోగాలన్న ముల్కీ నిబంధనలపై సుప్రీంకోర్టు తీర్పు తక్షణ కారణమైనా, ఆస్తిపరులు దాని వెనుక అంత పట్టుదలగా నిలబడడంలో ఈ పరిమితి భయం పాలు తక్కువేమీ కాదు. చట్టం 1975 జనవరి 1న అమలులోకి వచ్చేసరికి పంపకాలు, దానపత్రాలు, బినామీ బదిలీలు జరగవలసినన్ని జరిగాయి. మేజరైన కొడుకులకు వేరే వాటా ఉండనే ఉంది. మిగులుగా తేలి పేదలకు అందినదానిలో సారవంతమైన మాగాణి ఎంత తక్కువో ఈ ప్రాంతపు పెద్దలకు నేను చెప్పనక్కరలేదు.

ఈ చట్టాలు భూమిని పంచకపోయినా, భూస్వామి ఆలోచనను మార్చాయి. ఇంకా కొంటే పరిమితి దాటుతుంది, కౌలుకిస్తే హక్కు పోతుందేమోనన్న బెంగ. అందువల్ల వరిలో మిగిలిన డబ్బు భూమిలోకి తిరిగి రాలేదు. అది రైసు మిల్లుల్లోకి, సినిమా హాళ్లలోకి, సినిమా నిర్మాణంలోకి, రవాణాలోకి, ఆ తరువాత హైదరాబాదు స్థలాల్లోకి, పిల్లల ఇంజనీరింగు చదువుల్లోకి, అక్కడి నుంచి అమెరికాకు వెళ్లింది. హరిత విప్లవం తరువాత ఇది జోరందుకుంది. డెల్టా నుంచి మొదట పెద్ద ఎత్తున వలస వెళ్లినవాడు కూలీ అని మనం అనుకుంటాం. స్వాతంత్ర్యానంతర కాలంలో ముందు వెళ్లింది యజమాని. అతని వలస చదువు వలస, పెట్టుబడి వలస. దానిని మనం వలస అనే అనలేదు, ఎదుగుదల అన్నాం. కానీ అతను పొలాన్ని అమ్మి వెళ్లలేదు. పట్టా ఉంచుకుని సాగు వదిలి వెళ్లాడు. ఆ వదిలిన సాగును అందుకున్నది వెనుకబడిన కులాల, దళిత కులాల పేద కుటుంబాలూ, ఎకరం అర ఎకరం సొంతమున్న చిన్న రైతులూ. నిన్నటి పాలేరు ఇవాళ్టి కౌలుదారు అయ్యాడు. ఇది ఒక మెట్టు పైకి ఎక్కడమే, కాదనను. కాని ఆ మెట్టుకు కాగితం లేదు. 2018–19లో జరిగిన జాతీయ నమూనా సర్వేలో, కౌలు భూమి కలిసి ఉన్న కమతాల శాతం దేశం మొత్తం మీద 17 కాగా ఆంధ్రప్రదేశ్‌లో 42కు పైగా తేలింది. దేశంలో అదే అత్యధికం.

కౌలుదారు లెక్క ఇక్కడున్న చాలామందికి నాకన్నా బాగా తెలుసు. అయినా చదువుకునే పిల్లల కోసం చెబుతాను. ఎకరానికి ఏడాదికి ఇరవై బస్తాల నుంచి ముప్పై బస్తాల దాకా కౌలు నడుస్తోంది, బస్తా అంటే 75 కిలోలు. దమ్ము, విత్తనం, ఎరువు, మందు, కూలి అన్నీ కౌలుదారువే. ఇది పాలికిచ్చే పద్ధతి కాదు, మక్తా. అంటే పంట పండినా పండకపోయినా మాట ఇచ్చిన బస్తాలు కొలిచి తీరాలి. చట్టం 30 శాతం అంటుంది, అక్టోబరు, నవంబరు నెలల్లో తుఫాను వచ్చి పనలు నీళ్లలో మొలకెత్తితే ఆ కారుకు ఆ కౌలు ఎన్ని శాతం అవుతుందో మీరే ఊహించండి. 1996 నవంబరు 6 తుఫాను తరువాత కోనసీమలో వరి పోయింది, కొబ్బరి పోయింది, కౌలు బాకీ మాత్రం మిగిలింది. పెట్టుబడికి బ్యాంకుకు వెళ్తే పాసుపుస్తకం అడుగుతారు. పాసుపుస్తకం యజమాని దగ్గర ఉంటుంది, దాని మీద పంట రుణం యజమానే తీసుకుని ఉంటాడు. పంట బీమా, నష్టపరిహారం, కల్లంలో ధాన్యం అమ్మిన సొమ్ము, అన్నీ పుస్తకం వెంట నడుస్తాయి. కౌలుదారు నూటికి రెండు మూడు రూపాయల నెల వడ్డీకి ఎరువుల దుకాణదారు దగ్గరో, కమీషన్ వ్యాపారి దగ్గరో తెచ్చుకుంటాడు. అప్పు ఇచ్చినవాడికే ధాన్యం కొలవాలి. అప్పు తట్టుకోలేక కౌలుదారు ఉరి పోసుకున్న ఇంట్లో, 2004లో 421వ నంబరు ఉత్తర్వుతో మొదలైన పరిహారం అడగాలన్నా, ముందు అతను రైతేనని రుజువు చేయవలసి వస్తున్నది. బతికినన్నాళ్లూ పొలంలో ఉన్నవాడు చనిపోయాక రైతునని రుజువు చేసుకోవలసి రావడం కంటే అన్యాయం ఏముంటుంది?

కౌలుదారుకు గుర్తింపు ఇవ్వడానికి రెండు ప్రయత్నాలు జరిగాయి. 2011 చట్టం కింద రుణ అర్హత కార్డులు వచ్చాయి. ఆ చట్టంలో యజమాని ఒప్పుకోలు తప్పనిసరి షరతు కాదు, విచారణ చేసి రెవెన్యూ అధికారి కార్డు ఇవ్వవచ్చు. 2019లో దాని స్థానంలో పంట సాగుదారు హక్కుల చట్టం వచ్చింది. పదకొండు నెలల ఒప్పందం, దానిపై యజమాని సంతకం. సంతకం పెడితే హక్కు పోతుందన్న భయం 1956 నుంచి ఉన్నదే, ఆ భయం ఉన్నవాడి సంతకం మీదే కార్డు ఆధారపడేట్టు చేశారు. ఈ విషయంలో 2019 చట్టం వెనకడుగు అని నా అభిప్రాయం. సాయం పథకాలలో కూడా ఆ కార్డే కొలమానం కావడంతో, నగరంలో ఉన్న పట్టాదారుకు డబ్బు పడుతుంది, పొలంలో ఉన్నవాడికి పడదు.

ఇప్పుడు వలస దగ్గరకు వద్దాం. రెండు మూడు కార్లు వరసగా దెబ్బతిన్న కౌలు ఇంట్లో బాకీ తీర్చే మార్గం ఏముంది? అమ్మడానికి భూమి లేదు. తాకట్టుకు బంగారం ఉంటే అది ముందే పోయింది. మిగిలింది మనిషి శ్రమ. ఆ శ్రమకు ఊళ్లో దొరికే పనిదినాలు తక్కువ, కాబట్టి దూరం వెళ్లాలి. రాజోలు, మలికిపురం, సఖినేటిపల్లి, నరసాపురం, మొగల్తూరు వైపు ఈ దూరానికి గల్ఫ్ అని పేరు. ఈ వలసలో మనం గౌరవంగా, శ్రద్ధగా చూడవలసిన విషయం, వెళ్తున్నవాళ్లలో ఆడవాళ్లు ఎక్కువ కావడం. కువైట్‌లో, ఒమన్‌లో, బహ్రెయిన్‌లో, ఖతర్‌లో ఇంటిపనికి వెళ్తున్నారు. ఆ పనికి వెళ్లే స్త్రీకి 30 ఏళ్లు నిండి ఉండాలని మన ప్రభుత్వ నిబంధన. ఆ వయసు దాటిన తల్లులూ వెళ్తున్నారు, ఏజెంట్ల చేతిలో వయసు మార్పించుకుని చిన్నవాళ్లూ వెళ్తున్నారు, విజిటింగ్ వీసా మీద వెళ్లి చిక్కుకుపోయినవాళ్లూ ఉన్నారు. కార్మికుణ్ణి యజమానికి కట్టిపడేసే కఫాలా పద్ధతిలో చాలా చోట్ల యజమాని ఒప్పుకుంటే తప్ప పని మారడం కష్టం, తరచుగా పాస్‌పోర్టు తన చేతిలో ఉండదు.

ఆడవాళ్లే ఎందుకు వెళ్తున్నారు? అక్కడ ఇంటిపనికి గిరాకీ ఉంది, వీసా ఖర్చు మగవాళ్లకన్నా తక్కువ అన్నది ఒక జవాబు. ఊడ్పు, కలుపు ఆడవాళ్ల పనులు కావడం, ఆ పనులే ముందు తగ్గిపోవడం రెండో జవాబు. మూడోది, మనం తక్కువ మాట్లాడుకునేది, భూమికి సంబంధించినది. పొలంలో సగానికి మించిన పని చేసినా భూమి మీద ఆమె పేరు ఎప్పుడూ లేదు. కౌలు మాట మగవాడు ఇస్తాడు, కార్డు వస్తే మగవాడికి వస్తుంది. ఊరితో తనను కట్టిపడేసే ఆస్తి ఏదీ ఆమెకు లేదు, కట్టిపడేసే బాకీ మాత్రం ఉంది. వెళ్లినామె పంపిన డబ్బు బాకీకి, ఇంటి శ్లాబుకు, పిల్లల చదువుకు, కూతురి పెళ్లికి పోతుంది. భూమి కొనడానికి సరిపోవడం అరుదు, ఎందుకంటే ఈ డెల్టాలో ఎకరం ధర సాగు ఆదాయాన్ని బట్టి లేదు, నగరం నుంచి, విదేశం నుంచి వచ్చే పెట్టుబడిని బట్టి ఉంది. యజమాని వలసలో సంపాదించిన డబ్బు భూమి ధరను పెంచితే, కూలీ వలసలో సంపాదించిన డబ్బు ఆ ధరను అందుకోలేకపోతున్నది.

భూసంస్కరణలు సవ్యంగా జరిగి ఉంటే ఈ వలస ఉండేది కాదా? ఉండేదనే అనుకుంటున్నాను. రెండు రాష్ట్రాలను చూడండి. కేరళలో 1970 జనవరి 1 నుంచి కౌలు వ్యవస్థే రద్దయింది, కౌలుదారు యజమాని అయ్యాడు. ఇంకొకరి నేలలో గుడిసె వేసుకున్న కూలీ కుటుంబానికి పంచాయతీ ప్రాంతంలో పది సెంట్ల దాకా సొంతమైంది. ఆ తరువాతి దశాబ్దాలలోనే కేరళ నుంచి గల్ఫ్ వలస వెల్లువెత్తింది. పశ్చిమ బెంగాల్‌లో 1978లో మొదలైన ఆపరేషన్ బర్గా 14 లక్షలకు పైగా పాలుకు సాగుచేసే కౌలుదారుల పేర్లు నమోదు చేసి, వాళ్లను పొలం నుంచి తీసేయకుండా రక్షణ ఇచ్చింది. ఆ బెంగాల్ నుంచే ఇవాళ ముఠాలు వచ్చి మన గోదావరి పొలాల్లో ఊడుస్తున్నాయి. దేశంలో కౌలుదారుకు అంత గట్టి హక్కు ఇచ్చిన రాష్ట్రపు కూలీ, కౌలుదారుకు పేరు కూడా లేని మన పొలంలోకి రావడం భూసంస్కరణ వ్యర్థమని చూపిస్తుందని కొందరు వాదిస్తారు.

నేను అలా అనుకోను. బెంగాల్‌లో కమతాలు తరం తరానికీ చీలిపోయి చాలా చిన్నవయ్యాయి, పరిశ్రమలు తగినంతగా రాలేదు, అర ఎకరం మీద హక్కు కుటుంబాన్ని ఏడాది పొడవునా పోషించలేదు. అందుచేత వలస వస్తున్నారు. కానీ వచ్చే మనిషికి వెనక ఒక ఇల్లూ, కాస్త నేలా ఉండటానికీ లేకపోవడానికీ తేడా ఉంది. కేరళలో పది సెంట్ల స్థలం కూలీని కొబ్బరిచెట్టు యజమానిని చేయడం కన్నా పెద్ద పని ఒకటి చేసింది. ఖాళీ చేయమంటే ఎక్కడికి పోవాలన్న భయం పోయింది. భయం పోయినవాడు కూలి రేటు బేరమాడాడు, పిల్లలను బడికి పంపాడు, ఆ పిల్లలు గల్ఫ్‌కు వెళ్లినప్పుడు చాలామంది చదువుతోనో పనితనంతోనో వెళ్లారు. భూసంస్కరణ వలసను ఆపదు. ఏ షరతుల మీద వెళ్తున్నాడు, నచ్చకపోతే తిరిగి రాగలడా, వెళ్లకుండా ఉండగలడా అన్నవాటిని మారుస్తుంది. అడ్వాన్సు తీసుకుని మేస్త్రీ చెప్పిన చోటికి వెళ్లేవాడికీ, కూలి ఎంతో తెలుసుకుని వెళ్లేవాడికీ మధ్య ఉన్న తేడా అదే.

ఈ దృష్టితో చూస్తే మన ఇళ్ల స్థలాల చరిత్ర దుఃఖం కలిగిస్తుంది. పాలేరు గుడిసె యజమాని పుంత మీదో, చెరువు గట్టు మీదో, కాలువ పోరంబోకులోనో ఉండేది. 1976 వెట్టి చాకిరీ రద్దు చట్టం జీతగాడిని కాగితం మీద విడిపించింది కానీ అతని గుడిసె కింద నేల అతనిది కాలేదు. ఆ తరువాత ప్రభుత్వాలు పట్టాలు ఇచ్చాయి, నిజమే. 2020లో పెద్ద ఎత్తున ఇచ్చినప్పుడు గ్రామాల్లో కుటుంబానికి సెంటున్నర. గేదెకు చోటు లేదు, నాలుగు కూరగాయల మొక్కలకు చోటు లేదు, కొన్ని చోట్ల వానాకాలంలో ఆ స్థలం నీటిలోనే ఉంటుంది. ఇప్పుడు మూడు సెంట్లు అంటున్నారు. ఇది దయ కింద లెక్కవేయవలసిన సంగతి కాదు. డెల్టాలో కూలి రేటునూ, వలస తీరునూ మార్చే భూసంస్కరణ ఇదే. ఎకరాలు పంచడానికి మాగాణి లేదని చెప్పేవారు కూడా పది సెంట్లు కుదరవని చెప్పలేరు.

పొలంలో పనిదినాలు తగ్గిన సంగతి కొద్దిగా చెప్పాలి. కోత యంత్రం వచ్చి కోత, కట్టివేత, కుప్ప నూర్పిడి అన్నిటినీ గంటల పని చేసింది. ఊడ్పు మానేసి వెదజల్లే పద్ధతి పెరుగుతోంది. కూలీలు దొరకడం లేదు కాబట్టి యంత్రం వచ్చిందని రైతు అంటాడు, యంత్రం వచ్చింది కాబట్టి ఊరు విడిచామని కూలీ అంటాడు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. కానీ ఉండి, ఆకివీడు, కాళ్ల, భీమవరం మండలాల్లో వరి చేను రొయ్యల చెరువుగా, చేపల చెరువుగా మారినప్పుడు ఆ ఎంపికలో కౌలుదారుకూ కూలీకీ మాట లేదు. చెరువు లీజు వరి కౌలుకన్నా ఎన్నో రెట్లు ఎక్కువ కాబట్టి యజమాని తవ్విస్తాడు, కౌలుదారు మరుసటి ఏడాది ఖాళీ. చెరువు గట్టు మీద కాపలాకు ఒక కుటుంబం చాలు, ఆ కుటుంబం కూడా తరచుగా బయటి జిల్లా నుంచి వస్తుంది. పక్క చేలోకి ఉప్పు ఊరుతుంది. 2011లో కోనసీమ రైతులు సార్వా వేయకుండా పంట విరామం ప్రకటించినప్పుడు ప్రభుత్వం మోహన్ కందా అధ్యక్షతన సంఘం వేసింది. గిట్టుబాటు ధర, మురుగు కాలువల పూడిక గురించి రైతులు చెప్పిన బాధలు నిజమైనవి. కానీ ఆ విరామంలో కూలి పోగొట్టుకున్నవాళ్లకు పరిహారం గురించి ఎక్కడా గట్టిగా వినబడలేదు.

ప్రభుత్వం చేతిలోనే ఉన్న భూమి విషయంలో కూడా ఇదే ధోరణి. దేవాలయ, సత్రాల భూములు ఈ డెల్టాలో పుష్కలం. వాటిని బహిరంగ వేలంలో కౌలుకిస్తారు, వేలంలో పేదవాడు పెద్ద రైతుతో పోటీపడలేడు. గోదావరి పాయల మధ్య లంక భూములను దళిత కుటుంబాలు సంఘాలుగా ఏర్పడి తరాలుగా సాగు చేస్తున్నాయి, ఏటి కోతకు నేల పోతే కొత్తగా మేట వేసిన చోట హక్కు వాళ్లకే ఇవ్వాలన్న నియమం లేక తగాదాలు పడుతున్నాయి. ప్రభుత్వం పేదలకు ఇచ్చిన అసైన్డ్ భూముల బదిలీని నిషేధించిన 1977 చట్టాన్ని 2023లో సవరించి, ఇరవై ఏళ్లు దాటినవాటిని అమ్ముకోవచ్చన్నారు. పేదవాడికి తన ఆస్తి మీద పూర్తి హక్కు ఉండాలన్న వాదనను నేను గౌరవిస్తాను. కాని అప్పుల్లో ఉన్నవాడికి అమ్ముకునే హక్కు ఇచ్చి, తక్కువ వడ్డీకి అప్పు పుట్టే దారి ఇవ్వకపోతే, ఆ భూమి అయిదారేళ్లలో ఎవరి చేతిలో ఉంటుందో, అమ్మినవాళ్లు ఏ ఊళ్లో ఉంటారో ఆలోచించండి.

కాబట్టి ఈ సభ నుంచి వెళ్లే తీర్మానంలో కొన్ని విషయాలు స్పష్టంగా ఉండాలని కోరుతున్నాను. కౌలు కార్డుకు యజమాని సంతకం అనే షరతు తీసేయాలి. కాలువలకు నీరు వదిలే జూన్ నెలలోపే ప్రతి గ్రామసభలో, సర్వే నంబరు వారీగా, సాగు ఎవరిదో చదివి నమోదు చేయాలి. అభ్యంతరం ఉన్నవాళ్లు సభలోనే చెప్పాలి, అభ్యంతరం లేకపోతే సాగుదారు పేరు అడంగల్‌లో ఎక్కాలి. యజమానికి ఒక మాట ఇవ్వవలసి ఉంది, సాగు నమోదైనంత మాత్రాన అతని యాజమాన్యానికి భంగం రాదని చట్టంలోనే రాయాలి, అప్పుడు 1956 నాటి భయానికి ఆధారం ఉండదు. ఆ నమోదులో భార్యాభర్తలిద్దరి పేర్లూ ఉండాలి. బీమా, పరిహారం, ధాన్యం డబ్బు ఆ నమోదు ప్రకారమే పడాలి. వరి చేను చెరువుగా మార్చే దరఖాస్తు వచ్చినప్పుడు ఆ చేను కౌలుదారునూ, ఆ పేట కూలీలనూ విచారించిన తరువాతే అనుమతి ఇవ్వాలి. దేవాలయ భూముల్లో భూమిలేని వారి సంఘాలకు వేలం లేకుండా ముందు అవకాశం ఇవ్వాలి. గల్ఫ్‌కు వెళ్లే ప్రతి మనిషి వివరం మండల కార్యాలయంలో ఉండాలి, ఏ ఏజెంటు ద్వారా, ఏ పనికి, ఎంత జీతానికి వెళ్తున్నారో ఆ ఇంటివాళ్ల చేతిలో కాగితం ఉండాలి. బెంగాల్ నుంచీ శ్రీకాకుళం నుంచీ మన పొలాలకు వచ్చే ముఠాలకు కూడా ఇదే వర్తించాలి. వాళ్లకు వసతి, మరుగుదొడ్డి, ఒప్పుకున్న కూలి పూర్తిగా చెల్లించారన్న హామీ మన పంచాయతీల బాధ్యత, వాళ్లను మన కూలి తగ్గించడానికి వచ్చినవాళ్లుగా చూడడం మానాలి.

తీర్మానం ముసాయిదా మీ చేతికి ఇచ్చారు. దానిలో మూడో అంశంలో కౌలు రైతు అని మాత్రమే రాసి ఉంది, అక్కడ కౌలు రైతు కుటుంబంలోని స్త్రీ పేరు కూడా చేర్చాలని నా సవరణ. అభ్యంతరాలూ, ప్రశ్నలూ ఉంటే ఇప్పుడే అడగండి.